కొరియా నర్సుకి తీరుబడి నేర్పిన సంగతి

అమెరికాలో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మనవాళ్ళకి ఒకే ఒక్క డాబు ఉంది: తీరిక లేకపోవడం. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా చెప్పులు విడిచేలోపే మొదలుపెడతారు. "ఏంటోనండీ, ఫుల్ బిజీ." "అస్సలు టైమ్ ఉండట్లేదండీ." "వీకెండ్ కూడా లాగిన్ అవ్వాల్సి వస్తోందండీ." చెప్పేవాడి మొహంలో బాధ ఉండదు. కొత్త గొలుసు వేసుకొచ్చి, అది కనబడేలా మెడ సవరించుకునేవాళ్ళ వెలుగు ఉంటుంది. నా చిన్నతనంలో మా ఇంటికి వచ్చి ఎవరైనా ఈ మాట అంటే, పాపం ఎవరి కింద చిక్కుకున్నాడో అని జాలిపడి మజ్జిగ ఇప్పించేవారు. తీరిక లేదంటే తన పొద్దు తన చేతిలో లేదని. దాన్ని నలుగురిలో చెప్పుకుని మురిసిపోతారా?

నాకు తీరిక ఉంది. ఉందని చెప్పడానికి సిగ్గు లేదు. ఏలూరులో ఒక కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు చెప్పాను. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాలు, నా దగ్గర చదువుకున్నవాడే, లెక్చరర్లందరూ గుమ్మం దగ్గర మిషన్‌లో వేలిముద్ర వేసి లోపలికి రావాలన్నాడు. నేను వేలు జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. తర్వాత మా ఆవిడ ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చాను. ఆవిడ లాస్ కొలినాస్‌లో ఆఫీసుకి వెళ్తుంది. నేను కాఫీ తాగి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పొద్దున కింద కార్లు బయల్దేరతాయి, సాయంత్రం తిరిగి వస్తాయి. మధ్యలో ఏమీ జరగదు. దానితో నాకు ఏ పేచీ లేదు.

పేచీ పక్క ఫ్లాటు అమ్మాయికి వచ్చింది. గుంటూరు వైపు పిల్ల, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తుంది. ఒక శనివారం డబ్బాలో పులిహోర పట్టుకుని, కూతుర్ని వెంటపెట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. వాళ్ళకి కూర్చోవడం రాదు.

"అంకుల్, మీరు ఏమీ అనుకోనంటే ఒకటి చెప్తాను. రోజూ చూస్తున్నా, మార్నింగ్ నుంచి అలా బాల్కనీలోనే ఉంటున్నారు. డిప్రెషన్ లాంటిది ఏమన్నానా?"

"కాదమ్మా. కూర్చోవడం."

"అదే అంకుల్, ఊరికే కూర్చుంటే మైండ్ పాడైపోతుంది. ఏదో ఒకటి ఎంగేజ్ చేసుకోవాలి. టెంపుల్‌లో వాలంటీరింగ్ ఉంది, పార్కింగ్ దగ్గర సీనియర్స్‌ని తీసుకుంటున్నారు."

పార్కింగ్ దగ్గర! ఒకప్పుడు మా వీధి మొదట్లోనే కలెక్టరు కారు ఆపుకుని నడిచి వచ్చేవాడు. ఇప్పుడు నన్ను పసుపు రంగు కోటు తొడుక్కుని కార్లకి చెయ్యి ఊపమంటోంది.

ఇంతలో ఆ ఏడేళ్ళ పిల్ల నన్ను కిందనుంచి పైదాకా చూసి తల్లితో అంది: "మమ్మీ, హీ ఈజ్ లైక్ అ క్యాట్."

"అలా అనకూడదు. సారీ చెప్పు అంకుల్‌కి."

"ఎందుకమ్మా? మీ ఇంట్లో చూపున్నది అదొక్కతే," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక ఇంకో ఉపాయం తీసింది. తనతో పనిచేసే ఒక కొరియా ఆవిడ ఉందట. ఆవిడ అక్క క్యారల్టన్‌లో కొరియా వాళ్ళకి ఇంగ్లీషు చెప్పే అకాడమీ నడుపుతోందట. వారంలో మూడు పూటలు వచ్చే మనిషి కావాలట. వద్దనబోయాను. కానీ లోపలినుంచి మా ఆవిడ వచ్చి, "వెళ్ళండి. మూడు పూటలైనా బాల్కనీ కడుక్కోవచ్చు," అంది. పరాయి మనిషి ముందు భార్యతో వాదించడం మా ఇంట్లో లేదు. ఒప్పుకున్నాను.

అకాడమీ ఒక షాపుల వరసలో, బేకరీకీ పళ్ళ డాక్టరుకీ మధ్యన. దాని యజమానురాల్ని అందరూ డైరెక్టర్ అంటారు. నేను లోపలికి రాగానే లేచి, నడుము దాకా వంగి నమస్కరించింది. అమెరికాలో నాకు జరిగిన మొదటి మర్యాద అది. ఒప్పుకుంటాను, బాగుంది. ఆ తర్వాత చూసిందేదీ బాగాలేదు.

అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష కోసం వచ్చేవాళ్ళు. ఆ పరీక్ష ఇలా ఉంటుంది. ఒక చిన్న గది, ఎదురుగా పరీక్ష తీసుకునే మనిషి. ఆ మనిషి ఒక చీటీ ఇస్తుంది. దాని మీద ఒక విషయం ఉంటుంది: మీకు నచ్చిన పండగ, మీకు నచ్చిన గురువు, అలాంటివి. ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. తర్వాత ఆ మనిషి ఒకటో రెండో ప్రశ్నలు అడుగుతుంది. మనుషులు మాట్లాడుకోవడాన్ని కూడా గడియారం పెట్టి కొలిచే దేశం ఇది. దానికి డైరెక్టర్ కనిపెట్టిన విరుగుడు ఇంకా గొప్పది. చీటీల మీద వచ్చే విషయాలన్నిటికీ జవాబులు ముందే రాయించి, నలభై కాగితాలు అచ్చువేసి పంచింది. అందరూ లేచి నిలబడి వాటిని వల్లించాలి. ఒక్క మాట తప్పితే మళ్ళీ మొదటినుంచి.

నేను వెళ్ళిన మొదటి రోజు పదిహేనుమంది వరసగా లేచి వాళ్ళ అమ్మమ్మ గురించి చెప్పారు. పదిహేనుమందికీ ఒకే అమ్మమ్మ. వాన పడ్డప్పుడల్లా ఆవిడ ముల్లంగి సూప్ కాస్తుంది, మనవడి తల నిమురుతుంది, జీవితంలో నిజాయితీ ముఖ్యమని చెబుతుంది. విజయవాడలో పిల్లల్ని హాస్టల్లో పడేసి ర్యాంకులు పిండే మన కాలేజీలు గుర్తొచ్చాయి. సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ అదే గదిలో పడ్డాను.

"పరీక్ష తీసుకునేవాళ్ళు కనిపెట్టరా?" అని డైరెక్టర్‌ని అడిగాను.

"కనిపెడతారు, టీచర్. అందుకే ఏడాదికోసారి సూప్ మారుస్తాం," అంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు.

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. వాళ్ళ తప్పుల్ని దిద్దే ఇక్కడ రాస్తున్నాను. ఒకరి తప్పులు చూపించి నవ్వించడం నాకు చేతకాని విద్య.

రెండో వారం డైరెక్టర్ ఒక మనిషిని నాకు విడిగా అప్పజెప్పింది. నలభై దాటిన ఆవిడ. బూసాన్‌లో పెద్ద ఆసుపత్రిలో పదహారేళ్ళు నర్సుగా చేసింది. భర్త కారు విడిభాగాల కంపెనీ మనిషి. కంపెనీ అతన్ని ఇక్కడికి పంపింది, ఆగస్టులో వెనక్కి పిలుస్తోంది. డాలస్‌లో ఒక ఆసుపత్రి ఆవిడని నర్సుగా తీసుకుంటామని, వీసా కాగితాలు తామే చూసుకుంటామని మాట ఇచ్చింది. ఒక్కటే అడ్డం. ఈ మాట్లాడే పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు తప్పింది. జూన్‌లో మూడోసారి రాయకపోతే, రాసి తప్పితే, ఆసుపత్రి వేరే మనిషిని చూసుకుంటుంది. కుటుంబమంతా సామాను సర్దుకోవాలి. కూతురు ఇక్కడ పదో తరగతి.

"నలభై జవాబులూ అప్పజెబుతుంది," అంది డైరెక్టర్. "కానీ పోయినసారి చీటీలో మన నలభైలో లేనిది వచ్చింది."

"ఏం వచ్చింది?"

నర్సుగారు కుర్చీ అంచున కూర్చుని, సంచిలోంచి ఒక అట్టముక్క తీసి రెండు చేతులతో నా ముందు పెట్టింది. వాళ్ళు మాటల్ని అలా అట్టముక్కల మీద నేర్చుకుంటారు. ముందువైపు ఇంగ్లీషు మాట, వెనకవైపు కొరియా మాట. దాని మీద ఒక్క మాటే ఉంది: ఐడిల్.

"మీరు ఐడిల్‌గా గడిపిన ఒక రోజు గురించి చెప్పండి అని వచ్చింది, టీచర్."

"మీరేం చెప్పారు?"

"నేను ఎప్పుడూ ఐడిల్‌గా ఉండను, కష్టపడి పనిచేస్తాను అని చెప్పాను."

"తర్వాత?"

"తర్వాత థాంక్యూ అని చెప్పాను."

"మిగతా రెండు నిమిషాలు?"

ఆవిడ తల దించుకుంది. "బల్ల మీద పెన్సిళ్ళు చెదిరిపోయి ఉన్నాయి. సర్దాను."

ఆ చీటీలు కొన్ని నెలలపాటు అవే తిరుగుతాయని, జూన్‌లో మళ్ళీ ఇదే వచ్చే వీలుందని డైరెక్టర్ అంది. అయితే నలభై ఒకటో కాగితం రాసి ఇస్తే సరిపోతుంది కదా అనుకుంటారు. డైరెక్టరూ అదే అడిగింది. నేను రాయనన్నాను. వల్లించే మనిషిని పరీక్షలో వాళ్ళు రెండు ముక్కల్లో పట్టేస్తారు. మొదటిసారి ఈవిడ తప్పింది ఆ ముల్లంగి సూప్ దగ్గరే. ఈ మాట గురించి సొంతంగా మాట్లాడటం వస్తే తప్ప గట్టెక్కదు.

అట్టముక్క తిప్పి, వెనక ఉన్న కొరియా మాటకి అర్థం ఏమిటని అడిగాను.

"సోమరి," అంది నర్సుగారు. "చెడ్డది."

"కాదు. పంట లేకుండా ఊరికే ఉన్న పొలాన్ని కూడా ఈ మాటతోనే చెబుతారు. పొలం సోమరిదా?"

ఆవిడ అట్టముక్కని మళ్ళీ ముందువైపుకి తిప్పింది. "పొలం ఎదురుచూస్తోంది, టీచర్."

"ఎదురుచూడటం ఒక పని. పొలానికి ఆ పని కూడా లేదు. ఊరికే ఉంది."

ఆవిడకి నమ్మకం కుదరలేదు. వాళ్ళ భాషలో పనిలేనివాణ్ణి 'తెల్లచేతులవాడు' అంటారట. అది తిట్టట. నేను నా చేతులు చూసుకున్నాను. మా ఇంట్లో మగపిల్లల చేతులు తెల్లగా మెత్తగా ఉన్నాయని చుట్టాలు పట్టుకుని మెచ్చుకునేవారు. ఒక జాతి మొత్తం దాన్ని తిట్టుగా వాడుకుంటోందని తెలిస్తే మా మేనత్తలు ఏమనేవారో.

గదిలో లాభం లేదని, మర్నాడు ఆవిడని లాస్ కొలినాస్ కాలువ దగ్గరికి రమ్మన్నాను. ఆఫీసుల మధ్య తవ్విన కాలువ అది. అందం కోసం తవ్వారు, ఆ నీటికి ఎక్కడికీ వెళ్ళే పని లేదు. ఆ ఊళ్ళో నాకు నచ్చిన చోటు అదొక్కటే. బల్ల మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు మనం ఏమీ చెయ్యం. తర్వాత, ఏమీ చెయ్యనప్పుడు ఎలా ఉందో మీరు నాకు ఇంగ్లీషులో చెబుతారు," అన్నాను.

ముందు కాగితం రుమాలు తీసి బల్ల తుడిచింది. నా వైపు కూడా తుడిచింది. తర్వాత కాళ్ళ దగ్గర పడ్డ ఎండుటాకులు ఏరింది. వద్దన్నాను. సంచిలోంచి కమలాపండు తీసి ఒలిచి, తొనల మీద పీచు ఒక్కొక్కటే లాగి, రెండు చేతులతో నాకిచ్చింది. తిన్నాను, మర్యాద కాబట్టి. ఆ తర్వాత అట్టముక్కల కట్ట బయటికి వచ్చింది.

"నర్సుగారూ, ఆ కట్ట లోపల పెట్టండి."

"చూడట్లేదు, టీచర్. పట్టుకున్నాను, అంతే."

"పట్టుకోవడం కూడా వద్దు."

చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలు మాత్రం కదులుతూనే ఉంది. ఎదురుగా మనవాళ్ళు ఇద్దరు మెడలో బ్యాడ్జీలు వేలాడుతుండగా ఫోన్లలో అరుచుకుంటూ నడిచి వెళ్ళారు. "ఐ విల్ కాల్ యూ బ్యాక్ రా, బ్యాక్ టు బ్యాక్ మీటింగ్స్," అంటున్నాడు ఒకడు. నడక కూడా వాళ్ళకి ఒక మీటింగే. బాతులు కూడా వాళ్ళకి దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నాయి.

కాసేపటికి నర్సుగారు సన్నగా అంది: "టీచర్, భయంగా ఉంది."

"దేనికి?"

"తెలియదు. ఏదో మర్చిపోయినట్టుంది. ఎవరో పిలుస్తున్నట్టుంది, నేను వెళ్ళనట్టుంది."

ఆ మొహం చూసి నాకు మండిపోయింది. ఆవిడ మీద కాదు. పదహారేళ్ళు గంట మోగితే లేవడం, మోగకపోయినా లేవడం నేర్పి, ఒక మనిషిని బల్ల మీద పదినిమిషాలు కూర్చోలేనట్టు చేసినవాళ్ళ మీద. గొడ్డునైనా మధ్యాహ్నం నీడకి కడతారు. ఇలాంటివాళ్ళే మళ్ళీ చీటీ మీద రాసి అడుగుతారు, మీరు ఊరికే గడిపిన రోజు గురించి చెప్పండి అని!

ఆ కోపంలో ఆవిడకి మా తాతగారి గురించి చెప్పాను. ఎలా చెప్పాలో తెలియడానికి ఒక మచ్చుగా చెప్పాను, అంతే.

మా తాతగారికి ఒక పెద్ద టేకు కుర్చీ ఉండేది. పొద్దున పడమటి వసారాలో నీడలో వేసేవారు. పొద్దెక్కి నీడ జరిగేకొద్దీ కుర్చీ కూడా ఇంటి చుట్టూ జరిగేది. తాతగారు లేచేవారు కాదు. నలుగురు మనుషులు ఆయనతో సహా కుర్చీ ఎత్తి నీడలోకి జరిపేవారు. సాయంత్రానికి తూర్పు వసారాకి చేరేవారు. కుర్చీ ఎక్కడుందో చూసి ఊళ్ళోవాళ్ళు పొద్దు ఎంతయిందో చెప్పుకునేవారు. పేపరు చదవరు, చుట్ట కాల్చరు, ఎవరైనా వచ్చి చెప్పుకుంటే వింటారు, జవాబు చెప్పరు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా భూమిలో ఒక్క సెంటు తగ్గలేదు. ఆ తర్వాత మా నాన్నగారు పని మొదలుపెట్టారు. రైసుమిల్లు పెట్టారు, సినిమా హాలు కట్టారు, రొయ్యల చెరువులు తవ్వారు. పొద్దున్న అయిదింటికి లేచి పరుగులు. ఆయన ఎంత కష్టపడితే అంత పోయింది. మా వంశం సోమరితనం వల్ల చితికిపోయిందని చుట్టాలు చెబుతారు. వాళ్ళకి తెలియదు. చితికిపోయింది కష్టపడటం వల్ల.

నర్సుగారు కదలకుండా విన్నది. బొటనవేలు కూడా ఆగింది. నా పాఠం పనిచేసిందని అనుకున్నాను.

తర్వాతి క్లాసులో లేచి నిలబడి, చేతులు రెండువైపులా ఆనించి, గోడ వంక చూస్తూ మొదలుపెట్టింది: "మా తాతగారికి ఒక పెద్ద టేకు కుర్చీ ఉండేది."

పొల్లు పోలేదు. నీడ, వసారా, నలుగురు మనుషులు, చుట్ట, అన్నీ ఉన్నాయి. సినిమా హాలు కూడా ఉంది. నేను ఎక్కడ ఊపిరి తీసుకున్నానో ఆవిడ అక్కడే తీసుకుంది.

"ఆపండి," అన్నాను. "ఆయన మా తాతగారు."

"అవును, టీచర్. చాలా మంచి తాతగారు. సరిగ్గా రెండు నిమిషాలు."

"మీకు తాత లేడా?"

"ఉన్నాడు. రేవులో బస్తాలు మోసేవాడు. ఒక్కరోజు కూడా కూర్చోలేదు. చనిపోయిన రోజు కూడా సగం పూట పనిచేసి వచ్చాడు." క్షమాపణ అడుగుతున్నట్టుగా అంది: "ఆయన అరనిమిషానికి మించి రాడు, టీచర్."

పదిహేనుమంది ఒకే అమ్మమ్మని పంచుకునే చోట నా ఇంటి మనిషిని బయటపెట్టడం నా తెలివితక్కువ. పూర్వం మా గుమ్మం ముందు నిలబడటానికే జనం తటపటాయించేవారు. ఇప్పుడు మా తాతగారిని క్యారల్టన్‌లో బేకరీ పక్కన బట్టీపడుతున్నారు. వెన్ను నిటారుగా పెట్టి, చాలా స్పష్టంగా చెప్పాను: పరీక్షలో ఆయన ఊసు ఎత్తడానికి వీల్లేదు. సొంత రోజు ఒకటి వెతుక్కోవాలి.

నర్సుగారు నడుము దాకా వంగింది. ఒప్పుకుందనుకున్నాను. వాళ్ళలో అలా వంగితే విన్నామని మాత్రమే అర్థమని, సరేనన్నట్టు కాదని, నాకు ఎవరూ చెప్పలేదు.

సొంత రోజు కోసం మూడు వారాలు వెతికాం. ఆదివారాలు? చర్చిలో వంట. సెలవులు? అత్తగారింట్లో వంట. కూతుర్ని స్కూలు నుంచి తేవడానికి కార్లో కూర్చున్నప్పుడు? అట్టముక్కలు. పురుటికి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు? పక్క మంచం మనిషి సెలైన్ సరిగ్గా ఎక్కట్లేదని లేచి సరిచేసింది. నలభై ఏళ్ళ జీవితాన్ని గాలిస్తే తనదైన ఒక్క మధ్యాహ్నం దొరకలేదు. చివరికి ఒక జ్వరం దొరికింది. పోయిన చలికాలం ఒకరోజు జ్వరంతో మంచం మీద ఉందట. దాన్నే పట్టుకుని సాగదీశాం. కిటికీలో వెలుగు ఎలా ఉంది, దుప్పటి ఎలా ఉంది, ఏ చప్పుళ్ళు వినబడ్డాయి. కాగితం మీద ఒక్క ముక్క రాయనివ్వలేదు. ప్రతిసారీ వేరే మాటల్లో చెప్పించాను. నిమిషంన్నర దాకా లాగగలిగింది.

డైరెక్టర్ తలుపు సందులోంచి చూసి, "జ్వరం బాగానే ఉంది, కానీ తాతగారు ఇంకా బాగున్నారు, టీచర్," అంది. ఆవిడకెలా తెలుసని నేను అడగలేదు.

జూన్‌లో పరీక్ష అయింది. ఫలితం వచ్చేదాకా నర్సుగారు అకాడమీకి రాలేదు. ఆ రోజుల్లో నేను బాల్కనీలో ఎప్పటిలాగే కూర్చున్నాను. ఎప్పటిలా కూర్చోలేకపోయానని మా ఆవిడ అంటుంది. కింద కారు ఆగినప్పుడల్లా మెడ చాచానట. ఆవిడ మాట నేను పట్టించుకోను.

ఒక మధ్యాహ్నం నిజంగానే కారు ఆగింది. నర్సుగారు ఒక పెద్ద పెట్టె రెండు చేతులతో ఎత్తుకుని మెట్లెక్కి వచ్చింది. కొరియా పియర్ పండ్లు. ఒక్కో పండుకీ తెల్లటి వల తొడుగు, పెట్టెకి పట్టుగుడ్డ. వంగి, పెట్టె ఇచ్చి, బాల్కనీలో నేను చూపించిన కుర్చీలో కూర్చుంది.

"పాసయ్యాను, టీచర్."

"చీటీలో ఏం వచ్చింది?"

"ఐడిల్."

"జ్వరం చెప్పారా?"

"చెప్పాను. బాగా మొదలైంది. కిటికీ చెప్పాను, దుప్పటి చెప్పాను. తర్వాత..." ఆవిడ ఒళ్ళో చేతుల వంక చూసుకుంది. "తర్వాత నిజం వచ్చేసింది. ఆ రోజు నేను పదింటికే లేచి ఇల్లు తుడిచాను. అది చెప్పేశాను. ఇంకేం లేదు. పరీక్ష తీసుకునే ఆవిడ గడియారం చూస్తోంది. బల్ల మీద పెన్సిళ్ళు ఉన్నాయి."

"సర్దారా?"

"లేదు. తాతగారు వచ్చారు."

నేను కుర్చీలో నిటారుగా సర్దుకున్నాను.

"వల్లించలేదు, టీచర్. వరస మర్చిపోయాను. నాకు తోచినట్టు చెప్పాను. కుర్చీ, నీడ, మనుషులు ఎత్తడం. ఆవిడ గడియారం చూడటం మానేసింది. చివర్న ఒక ప్రశ్న అడిగింది. మీ తాతగారు అలా కూర్చుంటే మరి మీ నాయనమ్మ ఏం చేసేది అని."

"మీరేమన్నారు?"

"నాయనమ్మ ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదన్నాను. తెల్లారకముందే లేచి పొయ్యి వెలిగించేది. కుర్చీ మోసేవాళ్ళకి అన్నం వండేది. మధ్యాహ్నం బట్టలు ఉతికేది, సాయంత్రం చేపలు ఎండబెట్టేది. ఆమె చేతులు ఉప్పుకి పగిలిపోయి ఉండేవి. నా తల నిమిరితే జుట్టు ఆ పగుళ్ళలో చిక్కుకునేది. ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, టీచర్. ఆగకుండా వచ్చింది. ఆవిడే ఇంక చాలని చెయ్యి ఎత్తింది. కళ్ళు తుడుచుకుంది."

నా ఒళ్ళు మండింది. మా నాయనమ్మ పొయ్యి ముట్టుకున్న మనిషి కాదు. వంటవాళ్ళు ముగ్గురు. ఎండుచేపల వాసన మా వీధి మలుపు దాటి లోపలికి రాలేదు. తాతగారికంటే ఆవిడే ఒక మెట్టు పైన. మధ్యాహ్నాలు చుట్టాలతో గవ్వలాట ఆడేది, తన గవ్వలు కూడా పక్కన కూర్చున్నవాళ్ళ చేత వేయించేది. అలాంటి మనిషి చేత బట్టలు ఉతికించి, ఒక అమెరికా ఆవిడ ముందు పెట్టింది. ఆ అమెరికా ఆవిడ ఏడ్చిందట! ఏడవదా మరి. ఒక మగవాడు నీడలో ఊరికే కూర్చున్నాడంటే ఈ దేశానికి రెండు నిమిషాలు కూడా మింగుడుపడదు. వెనకాల ఎవరో ఒకరు చాకిరీతో చేతులు పగలగొట్టుకుంటూ కనబడాలి. అప్పుడు గాని వీళ్ళకి ఊపిరాడదు, మార్కులు పడవు.

"మా నాయనమ్మ అలాంటిది కాదు," అన్నాను. "ఆవిడ చేతులు అరటి దూటలా ఉండేవి."

"తెలుసు, టీచర్." నర్సుగారు తల వంచింది. "ఆ నాయనమ్మ మాది."

కింద ఎవరో కారు తాళం వేసిన చప్పుడు వినబడింది. రేవులో బస్తాలు మోసిన మనిషి భార్యని తీసుకొచ్చి, నన్నొక్క మాట అడగకుండా, మా తాతగారికి కట్టబెట్టింది. జాతకాలు లేవు, పెద్దలు మాట్లాడుకోవడం లేదు. ఎవరి వైపు చూసినా కుదిరే సంబంధం కాదు.

మా ఆవిడ లోపల ఒక పండు కోసి పళ్ళెంలో తెచ్చి పెట్టింది. నర్సుగారు లేవబోయింది, సాయం చేద్దామని. మా ఆవిడ భుజం నొక్కి కూర్చోబెట్టింది. ముగ్గురం పండు తిన్నాం. నీళ్ళు బాగా ఉన్న పండు, తీపి కొంచెం తక్కువ.

"టీచర్‌కి కోపం వచ్చిందా?" అని అడిగింది నర్సుగారు.

"మా నాయనమ్మ బతికి ఉంటే మీ మీద దావా వేసేది."

"నాయనమ్మ కోర్టుకి వెళ్ళేదా?"

"ఆవిడ ఎందుకు వెళ్తుంది? కోర్టే మా ఇంటికి వచ్చేది."

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. పళ్ళెం ఖాళీ అయినా తీసి కడగడానికి లేవలేదు. సోమవారం ఆసుపత్రివాళ్ళు వీసా కాగితాలకి రమ్మన్నారని, కూతురికి ఇంకా చెప్పలేదని, వేసవి క్లాసులు వదిలాక కార్లో చెబుతానని అంది. క్లాసులు వదలడానికి ఇంకా చాలా టైముంది. బాల్కనీలో నీడ నా కుర్చీ దాటి ఆవిడ కుర్చీ వైపు జరిగింది. ఆవిడ అక్కడే కూర్చుంది.